రెండు బస్తాల సుద్ద

కుండ పగిలితే మట్టి మంచిది కాదు, కుండ మోగితే చెయ్యి మంచిది. బాగేపల్లి పక్కన ఒక పల్లెలో కుమ్మరి ఓబళప్ప ఇంట్లో ఇదీ న్యాయం. ఆ ఇంట్లో మట్టి చేసేది కూతురు అంజినమ్మ, కుండ చేసేది తండ్రి. కాబట్టి పగిలిన ప్రతి కుండకూ మాట పడేది ఎవరో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆడది కుండలు తిప్పే సారె తాకకూడదని వాళ్ళలో పట్టింపు. చెరువులో మన్ను తవ్వడానికీ, గంపకెత్తుకుని మోయడానికీ, రాళ్ళేరడానికీ, నానబెట్టి తొక్కి వెన్నముద్ద చేసి చేతికందించడానికీ మాత్రం ఏ పట్టింపూ అడ్డం రాలేదు. ఓబళప్ప చెడ్డవాడేమీ కాదు. లోకంలో చాలామంది మంచివాళ్ళ మంచితనం ఇంతే ఉంటుంది.

మాట పడ్డప్పుడల్లా అంజినమ్మ నొచ్చుకునేది తన కోసం కాదు, మట్టి కోసం. ఆ మట్టి ఎంత మంచిదో ఆమెకు తెలుసు. ఎలా తెలుసు అంటే, నాలికతో. చిటికెడు తీసి నాలిక కొసకు అంటించి, ముందరి పళ్ళ మధ్య నలిపి, పక్కకు తిరిగి ఊసేది. ఇసక పాలెంత, బంక పాలెంత, ఉప్పు తగిలిందా లేదా, అన్నీ అక్కడికక్కడే తేలిపోయేవి. చూసేవాళ్ళకు కడుపులో తిప్పితే తిప్పనీ, ఆమె పద్ధతి అది.

1990లో మొగుడితో బెంగుళూరులోని పీణ్యకు వచ్చింది. మూడేళ్ళకు మొగుడు జ్వరంతో పోయాడు. కరెంటు ఫ్యూజు తీగలు బిగించే పింగాణీ కట్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో ఆమెకు మట్టి కలిపే పని దొరికింది. అక్కడ మొదటిసారి బస్తాల్లో వచ్చే తెల్లమన్ను చూసింది. పిండిలా మెత్తగా ఉండి, నాలిక్కి పెట్టుకుంటే అతుక్కుపోయే మన్ను, ఇంగ్లీషులో చైనా క్లే. ఊళ్ళో పండగకి గోడలకు పూసే తెల్లమన్ను లాంటిదే. దాన్ని వాళ్ళ పక్క సుద్ద అంటారు. అంజినమ్మ దీన్నీ సుద్ద అంది. ఆమెతో పనిచేసే చింతామణి, గౌరిబిదనూరు ఆడవాళ్ళూ సుద్ద అన్నారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, కొంప ముంచింది ఇదే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక, 1997లో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో కాత్యాయని దగ్గర చేరింది. అప్పట్లో ఆ లేఅవుట్‌లో ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. కాత్యాయనిది నరసరావుపేట. కంప్యూటర్ కంపెనీలో మంచి ఉద్యోగం వదిలేసి, రేకుల షెడ్డు వేసి, గ్యాస్ బట్టీ పెట్టి, కప్పులూ పళ్ళేలూ చేయడం మొదలుపెట్టింది. శని ఆదివారాలు నేర్చుకోవడానికి జనం వచ్చేవాళ్ళు. అంజినమ్మ పని ఊడవడం, కడగడం, ఎవరైనా పాడుచేసిన మట్టిని మళ్ళీ నానబెట్టడం. స్టూడియోకి కావలసిన మట్టి తయారుగా సంచుల్లో వేరే రాష్ట్రం నుంచి వచ్చేది. కప్పులమీద పూసే మెరుగుకు కావలసిన పొడులన్నీ కాత్యాయనే తూచి కలుపుకునేది. వాటి జోలికి అంజినమ్మ వెళ్ళేది కాదు.

నాలుగేళ్ళు నోరు మూసుకుంది, మహాతల్లి. 2001లో ఒకరోజు ఆ తయారు మట్టిని చిటికెడు కొరికి, ఇది చచ్చిపోయిన మట్టి అంది. కాత్యాయనికి నవ్వొచ్చింది. బతికిన మట్టి ఎలా ఉంటుందో చెయ్యి చూద్దాం అంది, వేళాకోళానికి. అంజినమ్మకు వేళాకోళాలు తెలియవు. మర్నాటి నుంచీ మొదలుపెట్టింది.

ఊరినుంచి బస్సులో చెరువు మన్ను మూట వచ్చింది. జిగణిలో ఫ్యాక్టరీ పునాదులకు తవ్విన గుంటల్లోంచి పసుప్పచ్చ మన్ను వచ్చింది. పీణ్యలో పాత తోటివాళ్ళ ద్వారా సంచెడు తెల్లమన్నూ, రాతిపొడీ వచ్చాయి. పాలపొడి డబ్బా కొలతగా, చెరువు మన్ను ఇన్ని డబ్బాలు, పచ్చమన్ను ఇన్ని, తెల్లమన్ను ఇన్ని, రాతిపొడి ఇంత అని కలిపి, వేలెడంత బిళ్ళలు చేసి, ఎన్నో ప్రయత్నమో తెలియడానికి అగ్గిపుల్లతో గుంటలు పొడిచేది. బట్టీ కాల్చినప్పుడల్లా ఒక మూలన ఆ బిళ్ళలు కూడా కాలేవి. ఒకటి వంగిపోయింది, ఒకటి చీలింది, ఒకటి అప్పడంలా పొంగింది. నాలుగు బిళ్ళలు కలిసి ఒకే ముద్దయ్యి వచ్చాయి. ఒక్కోసారి కాత్యాయని జాలిపడి ఇక మానెయ్యమనేది. అంజినమ్మ ఆ మాట వినపడనట్టు డబ్బా కడుక్కునేది.

రెండేళ్ళు పట్టింది. యాభై ఎనిమిదో బిళ్ళ బట్టీలోంచి నిటారుగా, తేనెరంగులో వచ్చింది. కాత్యాయని దాన్ని గోటితో మీటింది. ఖంగుమంది. మళ్ళీ మీటింది. నేలకేసి కొట్టింది, విరగలేదు. రాత్రంతా నీళ్ళలో వేసి ఉంచింది, చుక్క పీల్చలేదు. అప్పుడు ఆమె నవ్వలేదు. కొలతలు చెప్పమని పుస్తకం తీసి కూర్చుంది. అంజినమ్మ చెబుతుంటే, చెరువు మన్ను మూడు, పచ్చమన్ను ఒకటి, "ఆ తెల్లది" రెండు, రాతిపొడి ఒకటి అని రాసుకుంది. వేలు చూపించి చెప్పిన లెక్క కాబట్టి పేరుతో అవసరం పడలేదు.

మట్టిపని పుస్తకాలు తిరగేసే అలవాటుతో ఆ రోజుల్లోనే ఇంకొకటి కూడా చదివింది కాత్యాయని. మెరుగు పొడుల్లో కొన్ని విషమనీ, రాతిపొడి దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుందనీ. అంజినమ్మ చిటికెడు నోట్లో వేసుకోవడం చూసి ఒకరోజు గట్టిగా కేకలేసింది. మట్టిగానీ పొడిగానీ ఇక నాలిక్కి పెట్టనని తనమీద ఒట్టు వేయించుకుంది. అంజినమ్మ వేసింది. ఆమె మాటంటే మాటే.

ఇక అసలు సంగతికి వద్దాం. 2003 చలికాలం. హోసూరు రోడ్డు మీద మోహన్‌కుమార్ అనే ఆయన పెద్ద హోటల్ తెరుస్తున్నాడు. ముళబాగిలు వైపు మనిషి. రాగిసంకటి, ఊరిబిండి పచ్చడి వడ్డించే హోటల్‌కి పళ్ళేలు కూడా ఈ నేల మట్టివే కావాలని పట్టుబట్టాడు. రెండు వందల పళ్ళేలు. కాత్యాయని యాభై ఎనిమిదో బిళ్ళ ఆయన చేతిలో పెట్టింది. ఆయన మురిసిపోయాడు.

ఆ సాయంత్రం కాత్యాయని అంజినమ్మతో తెగేసి చెప్పింది. ఈ పళ్ళేలు నిలిస్తే ఇక బయటి మట్టి కొనేది లేదు, స్టూడియోలో వాడేది నీ మట్టే, నువ్వు చీపురు పక్కన పెట్టి మట్టిగదికి పెద్దవు. నిలవకపోతే మాత్రం ఈ ప్రయోగాలకు ఇదే ఆఖరు, మూలనున్న మూటలన్నీ బయట పోసేస్తాను, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. అంజినమ్మ తలూపింది. తన మట్టి పరీక్షకు నిలబడటం ఆమె జీవితంలో అదే మొదలు.

రెండు వందల పళ్ళేలకు తెల్లమన్ను చాలదు. "అక్కా, సుద్ద రెండు బస్తాలు తెప్పించు" అంది. కాత్యాయని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూనే తలూపి, ఆ వెంటనే తనకు మెరుగు పొడులు అమ్మే పీణ్య వ్యాపారికి ఫోన్ చేసింది. రెండోరోజు టెంపో వెంకటగిరియప్ప వచ్చి రాతా కోతా లేని రెండు తెల్ల బస్తాలు దించి, "సుద్ద వచ్చిందమ్మో" అని కేకేసి వెళ్ళిపోయాడు. కాత్యాయని చెప్పిన మాటే వ్యాపారి చెప్పాడు, వ్యాపారి చెప్పిన మాటే వెంకటగిరియప్ప చెప్పాడు. ఎవరి నోట విన్నా సుద్దే.

కలుపుతున్నప్పుడే చెయ్యి చెప్పింది. ముద్ద ఎప్పటిలా సాగలేదు, పెళుసుగా ఉంది. అచ్చుమీద పరిస్తే పళ్ళెం అంచులు అక్కడక్కడ చీలాయి. అంజినమ్మ తడివేలితో అద్దుకుంటూ పోయింది. చలికి అలా ఉందేమో అనుకుంది. ఈసారి చెరువు మన్ను వేరే గట్టుదేమో అనుకుంది. నాలిక దురద పెట్టింది. ఒట్టు అడ్డొచ్చింది. మూడు వారాల్లో రెండు వందల పళ్ళేలు ఆరి నిలబడ్డాయి.

మామూలుగా అయితే ఒకసారి కాల్చి, మెరుగు పూసి, రెండోసారి కాలుస్తారు. హోటల్ తెరిచేది ఆదివారం, అంత వ్యవధి లేదు. పచ్చి పళ్ళేలకే మెరుగు పూసి ఒకే కాల్పుతో తీద్దామని కాత్యాయని తెగించింది. గురువారం పొద్దున ఆరింటికి బట్టీ వెలిగించారు. సాయంత్రానికి వేడి పన్నెండు వందల యాభై డిగ్రీలు చేరాలి.

పదకొండు గంటలకు మీటరు ఆరు వందల నలభై చూపిస్తోంది. అంజినమ్మకు అక్షరాలు రావు గానీ అంకెలు బాగా వచ్చు. బట్టీ దారిన బట్టీ పోతోంది కదా అని, కాత్యాయని బల్ల దగ్గర టీ తాగుతూ రాబోయే క్లాసులకు మెరుగు లెక్కలు వేసుకుంటోంది. మనసు తేలిగ్గా ఉన్నట్టుంది, అంజినమ్మను చూసి నవ్వింది.

"అవునూ, అడుగుదామనుకుంటున్నా. రెండు బస్తాల సుద్ద దేనికి తెప్పించావు నువ్వు? బడి పెడతావా ఏంటి?"

అంజినమ్మకు అర్థం కాలేదు. "బడి ఏమిటికక్కా?"

"మరి అంత సుద్దతో ఏం చేస్తాం? సుద్దముక్కలు చేసుకుని బోర్డుమీద రాసుకోవాలి. నా మెరుగులకి ఏడాదికి అరబస్తా చాలు."

అంజినమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. చీపురు గోడకు ఆనించి, మట్టిగదిలోకి వెళ్ళింది.

బస్తా అడుగున రెండు దోసిళ్ళ పొడి మిగిలి ఉంది. ఒట్టూ లేదు గిట్టూ లేదు, వేలితో తీసి నాలికకు అద్దుకుంది. అతుక్కోలేదు. సున్నపు వాసన తగిలింది. అయినా మనసు ఒప్పుకోలేదు. బల్లమీద కాత్యాయని టీలోకి పిండుకున్న నిమ్మచెక్క ఉంది. తెచ్చి పొడిమీద పిండింది. తెల్లమన్ను అయితే తడిసి ఊరుకోవాలి. ఇది బుసబుసమని నురగ కక్కింది.

సున్నపు జాతి పొడి. బడిలో సుద్దముక్కలు చేసే పొడి. దాన్నే ఆమె దాదాపు మూడో వంతు కలిపి, మూడు వారాలు తన చేతులతో పిసికి, రెండు వందల పళ్ళేలు చేసి, లోపల పేర్చి పెట్టింది.

ఏమవుతుందో ఆమెకు పుస్తకం చెప్పక్కర్లేదు. పీణ్య ఫ్యాక్టరీలో ఒకసారి ఎవరి పొరపాటువల్లో సున్నం కలిసింది. బట్టీలో కట్లన్నీ బెల్లం పాకంలా కారి, లోపలి పలకలకు అతుక్కుని, ఉలి పెట్టి కొట్టినా ఊడలేదు. బట్టీ పడగొట్టి మళ్ళీ కట్టారు. అప్పుడు వెయ్యి దాటిన తర్వాతే కారడం మొదలైందని మేస్త్రీ అనగా విన్నది. ఆమె బయటికొచ్చి మీటరు చూసింది. ఏడు వందల పది. అరగంటకు వంద ఎక్కుతోంది. అంటే గంటన్నర ఉంది.

వెళ్ళి చెప్పేయవచ్చు కదా అంటారు. అనడం సులువే. అంతలో గేటు దగ్గర కారు ఆగింది. మోహన్‌కుమార్ దిగాడు, పళ్ళేలు కాలుతుండగా చూడాలని ముచ్చటపడి వచ్చాడట. కాత్యాయని ఆయనకు కుర్చీ వేసి, ఈ మట్టి ఎక్కడెక్కడినుంచి వచ్చిందో, ఎన్నిసార్లు చెడిందో, ఎలా కుదిరిందో ఉత్సాహంగా చెబుతోంది. ఆయన బట్టీ వైపు దణ్ణం పెట్టినంత పనిచేశాడు. అంజినమ్మ గోడకానించిన చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ నిలబడింది.

ఎనిమిది వందలు.

ఊరుకుంటే ఏమవుతుంది? ఆ ఆలోచన రాకుండా ఉండటానికి ఆమె దేవత కాదు. ఊరుకుంటే సాయంత్రానికి అంతా కారిపోతుంది. ఖాళీ బస్తా అడుగు గీకి చూసేదెవరు? చెరువు మన్ను కదా, అంత వేడికి ఎలా ఆగుతుందిలే అంటారు. తప్పంతా మట్టిమీదకు పోతుంది. కాత్యాయని రెండు రోజులు బాధపడి, మూటలు బయట పోయించి, మళ్ళీ సంచుల మట్టి తెప్పిస్తుంది. అంజినమ్మ కొలువు ఎక్కడికీ పోదు. చీపురు చీపురే.

చెబితే? కుమ్మరి ఓబళప్ప కూతురు, మట్టిలో పుట్టి మట్టిలో పెరిగిన మనిషి, సున్నానికీ మన్నుకూ తేడా తెలియక పోసుకుందని తేలుతుంది. పరాయి మనిషి ముందర. ఒట్టు వేయించుకున్నది నువ్వే కదా అని కాత్యాయనిని అనవచ్చు. కానీ చెయ్యి మొత్తుకుంటుంటే వినకపోవడం ఎవరి తప్పు? అంజినమ్మ చేతిలోంచి చీపురు జారిపోయింది. కాత్యాయని ఒకసారి తిరిగి చూసి, మళ్ళీ మాటల్లో పడింది.

ఎనిమిది వందల డెబ్బై. అంజినమ్మ బట్టీ పక్కకు వెళ్ళి నిలబడింది. ఇటుకల మధ్య ఉన్న చిన్న రంధ్రంలోంచి చూసింది. లోపల అంతా ఎర్రగా ఉంది, పళ్ళేలు ఒకదానిపైన ఒకటి చక్కగా కూర్చుని ఉన్నాయి. వాటికేం తెలుసు పాపం. నాయన పగిలిన కుండ పట్టుకుని మట్టిని తిట్టినప్పుడు ఎన్నడూ ఎదురుచెప్పలేదు ఆమె. ఎదురు చెప్పడానికి ఆమె దగ్గర రుజువు ఉండేది కాదు. ఇప్పుడు ఉంది. తప్పు మట్టిది కాదని ఈ లోకంలో తెలిసిన మనిషి ఒక్కతే, ఆమె నోరు విప్పకుండా నిలబడి ఉంది. ఆ సంగతి తలకెక్కేసరికి తనమీద తనకే అసహ్యం వేసింది.

తొమ్మిది వందల ముప్పై.

"అక్కా, బట్టీ ఆర్పెయ్యాల" అంది.

తనకు సరిగా వినపడలేదనుకుని కాత్యాయని "ఏంటి?" అంది. అంజినమ్మ అదే మాట మళ్ళీ అంది. ఆ తర్వాత ఆగకుండా చెప్పేసింది. తాను కలిపింది తెల్లమన్ను కాదనీ, బస్తాల్లో వచ్చింది సున్నపు పొడి అనీ, ఇప్పుడే నోట్లో పెట్టి, నిమ్మకాయ పిండి చూశాననీ, వెయ్యి దాటితే అంతా పాకమై పలకలకు అంటుకుంటుందనీ.

మోహన్‌కుమార్ కుర్చీలోంచి లేచాడు. కాత్యాయని ముఖం పాలిపోయింది. "ఆ వెంకటగిరియప్ప తప్పు బస్తాలు దించాడా? నేను చైనా క్లే చెప్పానో లేదో కూడా..." అని ఆగి, గుర్తు తెచ్చుకుంది. "లేదు. నేను సుద్దే చెప్పా. నువ్వు సుద్దే అడిగావు."

"నేనడిగింది తెల్లమన్నక్కా. మా పక్క సుద్దంటే అదే."

"సుద్దంటే సుద్దముక్క పొడి, అంజినమ్మా. ఎవర్నడిగినా..." అంటూ ఆ మాట కూడా పూర్తి చేయలేకపోయింది.

ఇద్దరిదీ తెలుగే. అదే వచ్చిన చిక్కు. ఒకరిది తమిళం, ఒకరిది తెలుగు అయి ఉంటే వేలు పెట్టి చూపించుకునేవాళ్ళు. ఒకే భాష కదా అని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు. ఆరేళ్ళు ఒకే షెడ్డు కింద పనిచేసి, ఒకే మాటను రెండు వేరే పొడులకు అన్నారు.

మోహన్‌కుమార్‌కు ఈ మాటల గొడవ పట్టలేదు. పేరు రాయకుండా బస్తాలు దించిన వ్యాపారిదే తప్పనీ, ముందు వాణ్ణి పట్టుకొమ్మనీ అన్నాడు. కాత్యాయని ఫోన్ వైపు చెయ్యి చాచింది కూడా. అంజినమ్మ తలూపితే చాలు, నింద పీణ్యకు పోయేది.

"వాళ్ళది తప్పు లేదక్కా" అంది అంజినమ్మ. "చెప్పిందే తెచ్చినారు. కలిపేటప్పుడు ముద్ద పెళుసుగా ఉండాదని నా చేతికి తెలిసింది. తెలిసి కూడా కలిపినాను. ఇంకో అరగంట ఉంటే అంతా కారిపోతాది, అప్పుడు అందరూ మట్టి మంచిది కాదంటారు. మట్టి మంచిదే. తప్పు నాది."

తొమ్మిది వందల అరవై. కాత్యాయని గ్యాస్ సిలిండర్ల దగ్గరకు వెళ్ళింది. చెయ్యి వేసింది గానీ తిప్పలేకపోయింది. మూడు వారాల పని, ఆదివారం హోటల్, ఇన్నాళ్ళ ఆశ. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారు, కుమ్మరి ఏడాది చేసినదంతా దుడ్డుకర్రకు ఒక్క దెబ్బేనని. ఆ పెట్టు తన చేత్తో వేయడానికి ఎవరికి మనసొస్తుంది? ఆమె పక్కకు జరిగి, నువ్వే తిప్పు అంది. అంజినమ్మ ఒక్కొక్కటిగా అన్నీ కట్టేసింది. మంట చప్పుడు ఆగిపోయింది. మోహన్‌కుమార్ వెళ్ళిపోతూ, ముహూర్తం మార్చడం కుదరదనీ, ఈ పళ్ళేల మాట ఇక మరిచిపొమ్మనీ కాత్యాయనితో మర్యాదగానే చెప్పాడు. అంజినమ్మ వైపు చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి చల్లారింది. తలుపు తీస్తే లోపల రెండు వందల పళ్ళేలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. మెరుగు కరగలేదు, పొడిపొడిగా పైన ఉంది. కానీ పళ్ళెం మాత్రం లేత గులాబీ తెలుపులో ఎంత ముద్దుగా ఉందంటే కాత్యాయని చేతిలోకి తీసుకుని వదల్లేకపోయింది.

"బానే ఉన్నాయి కదా" అంది, నిన్నటి నుంచీ అంజినమ్మతో అన్న మొదటి మాట. "నువ్వు పొరబడ్డావేమో. పొరబడి ఆర్పించావేమో."

ఆ గొంతులో ఆశ ఉంది, అంతకు రెండింతలు కోపం ఉంది. అంజినమ్మకు అనుమానం పట్టుకుంది. నిజంగా పొరబడిందా? మంచి పళ్ళేలను చంపేసిందా? నిమ్మకాయ అబద్ధం చెబుతుందా? ఆమె ఒక పళ్ళెం తీసుకుని, దానినిండా నీళ్ళు పోసి, రెండు చేతులమీద పెట్టుకుని నిలబడింది. కాత్యాయని చూస్తోంది. ముందు ఏమీ కాలేదు. పళ్ళెం గుటకగుటకగా నీళ్ళు పీల్చింది. తర్వాత అరచేతులకు వెచ్చగా తగిలింది. ఇంకాస్తకు వేడి ఎక్కింది, సున్నపురాయిమీద నీళ్ళు పోసినట్టు. అంజినమ్మ దాన్ని కాత్యాయని చేతుల్లో పెట్టింది. ఆ చేతుల్లోనే వెంట్రుకవాసి గీతలు పాకి, అంచు ఒకచోట ముద్దగా విడిపోయి కిందపడింది.

కాత్యాయని పళ్ళెం బల్లమీద పెట్టి, చేతులు కడుక్కుని, కారెక్కి వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగు రోజులు ఆమె వచ్చింది, పోయింది, అంజినమ్మతో పలకలేదు. ఆదివారం హోటల్ తెరిచారు, బజారు పళ్ళేలతో. అరమీద ఉన్న పళ్ళేలు గాలిలో తడికే వాటంతట అవి పగిలి రాలిపోతుంటే, అంజినమ్మ గంపల కొద్దీ ఎత్తి ఖాళీ సైటులో పోసి వచ్చింది. తిట్టినా బాగుండుననిపించింది. తిట్టని మనిషి ముందు మసలడం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

అయిదోరోజు పొద్దున ఆమె ఒక నిర్ణయానికి వచ్చింది. గది కడిగింది. బేసిన్లు బోర్లించింది. మిగిలిన చెరువు మన్నును గోనెలో నింపి, తాడుతో కట్టి, గుమ్మం దగ్గర పెట్టింది. బయట పోయిస్తానన్న మాట కాత్యాయనిది. పరాయివాళ్ళు పోస్తుంటే చూడటం అంజినమ్మ వల్ల కాదు. షెడ్డు తాళంచెవులు తీసుకెళ్ళి బల్లమీద పెట్టింది. కాత్యాయని తల ఎత్తకుండా లెక్కలేవో రాసుకుంటోంది.

"ఆ మూట ఎక్కడికి?" అంది.

"ఊరికి తీసుకుపోతా అక్కా. దీనికి ఈడ పనేముండాది."

కాత్యాయని కలం పక్కన పెట్టింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపానికో నిద్రలేకో. "నాకు కోపం ఉంది. ఇంకా చాలా రోజులుంటుంది. ముద్ద పెళుసుగా ఉందని నాకొక్క మాట చెప్పలేదు నువ్వు. ఆ కోపం నీమీద. ఆ మట్టిమీద కాదు. దాన్నెందుకు తీసుకుపోతున్నావు?"

అంజినమ్మ గుమ్మంలోనే కూర్చుండిపోయింది. మొగుడు పోయినప్పుడు కూడా పదిమందిలో ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమెను ఎవరూ క్షమించలేదు, ఆమె క్షమించమని అడగనూ లేదు. కాత్యాయని లేచి రాలేదు, ఓదార్చలేదు. ఫోన్ తీసి పీణ్య వ్యాపారికి చైనా క్లే రెండు బస్తాలు చెప్పింది, ఆ తర్వాత బస్తా నోరు విప్పి లోపల ఏముందో చూసి మరీ పంపమని చెప్పింది.

అంజినమ్మ ముఖం తుడుచుకుని తాడు విప్పింది. ఆర్డరు లేదు, తొందర లేదు, ఎవరికోసం అని అడగలేదు. చెరువు మన్ను నీళ్ళలో వేసి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని తొక్కడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా ఇద్దరూ ఆ షెడ్డులోనే ఉన్నారు, ఒకరు లెక్కలు రాసుకుంటూ, ఒకరు మన్ను తొక్కుతూ.